పక్కింటి సూత్రం

లోకంలో సిగ్గుపడాల్సిన జబ్బులన్నీ పక్కింటివాళ్ళకే వస్తాయి. ఈ సంగతి సుభాషిణికి చాటుగది పెట్టిన మొదటి వారంలోనే తెలిసిపోయింది.

చాటుగది అంటే పెద్ద హంగేమీ కాదు. కాకినాడలో కూరగాయల మార్కెట్ పక్కన, ఒక మనిషి నిలబడేంత ఇరుకు గది, దానికో మందపాటి తెర. లోపలికి వెళ్ళి, చెప్పులు విడిచి, రాగి రేకు మీద నిలబడి, ఎదురుగా ఉన్న చిల్లుల మూత దగ్గర నోరు పెట్టి అడగాలి. ఏమైనా అడగొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. మొహం చూసే కెమెరా లేదు. గొంతు రికార్డు చేసి ఉంచరు, మాటలు మాత్రం కాగితం మీదికి ఎక్కుతాయి. మనిషి నీళ్ళు నములుతూ అడిగేలోపు రాగి రేకు పాదాల చెమటనీ, మూత వెనకున్న యంత్రం ఊపిరినీ వాసన చూసేస్తాయి. ఒంట్లో ఎక్కడ తేడా వచ్చినా ఊపిరి వాసన రవ్వంత మారుతుంది. ఆ రవ్వంతని పట్టుకునే యంత్రం తయారుచెయ్యడానికి సుభాషిణికి తొమ్మిదేళ్ళు పట్టింది. జగన్నాథపురంలో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉన్న ఆమె ల్యాబులో దాన్ని అందరూ ముక్కు అనే పిలిచేవారు.

ఇక ప్రశ్నలు. మా పక్కింటావిడకి స్కిప్పింగ్ చేస్తుంటే రెండు చుక్కలు ఒంటేలు పడిపోతోంది, అది మామూలేనా అని ఒకామె. మా పక్కింటాయనకి యోగా క్లాసులో వంగినప్పుడల్లా గాలి పోతోంది, పరువు పోతోంది, మానెయ్యాలా అని ఒకాయన. ఎదురింటి కుర్రాడికి గజ్జల్లో దురదట, జిమ్ముకెళ్ళొచ్చి ఆ తడి బట్టలతోనే కూర్చుంటాడట. ఎవరి తోడికోడలికో నోరు కంపట, మొగుడు అటు తిరిగి పడుకుంటున్నాడట. ఇంకొకతని స్నేహితుడికి డ్రాయరు రోజూ మార్చాలా, రోజు విడిచి రోజు చాలా అన్నది పెద్ద సందేహం. మొదటి వంద ప్రశ్నల్లో డెబ్బై ఇలాంటివే. ల్యాబులో టీ తాగుతూ అవి చదువుకుని కడుపుబ్బ నవ్వుకునేవారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, నవ్వేవాళ్ళందరికీ కూడా తలా ఒక పక్కిల్లు ఉంది కాబట్టి.

జవాబు చెప్పే గొంతు మరియమ్మ గారిది. ముప్పై ఐదేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. డాక్టరు గొంతయితే జనం బిగుసుకుపోతున్నారని తేలాక, ఆవిణ్ని కూర్చోబెట్టి రెండు నెలలు మాట్లాడించి యంత్రానికి ఆ గొంతు నేర్పారు. మొదట్లో ఆ గొంతు ఒక తిరుగు ప్రశ్న వేసేది. ఇది మీకాండీ, నిజంగా వేరేవాళ్ళకాండీ అని. ఎంత మెత్తగా అడిగినా సరే, ఆ మాట వినపడగానే తెర కదిలేది. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మనిషి బయటపడేవాడు. పదిమందిలో నలుగురు అలా పారిపోయారు. వాళ్ళలో ఒకామె రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ముక్కు పసిగట్టింది. చెప్పేలోపే ఆమె వెళ్ళిపోయింది. ఆమె ఎవరో, ఏ ఊరి నుంచి కూరలు కొనడానికి వచ్చిందో ఎవరికీ తెలియదు. రెండు రోజులు సుభాషిణికి ముద్ద దిగలేదు.

మూడోరోజు ల్యాబుకి వచ్చి కొత్త సూత్రం రాసింది. పక్కింటివాళ్ళన్నా, స్నేహితుడన్నా, అడిగిన మనిషే రోగి అనుకోవాలి. మాటల్లో ఆడని మగ చేసినా, మగని ఆడ చేసినా పట్టించుకోకూడదు, జనం సిగ్గుతో అది కూడా మార్చేస్తున్నారు. నోటి మాటకి, ముక్కు పసిగట్టినదానికి పొంతన లేకపోతే ముక్కునే నమ్మాలి, ఎందుకంటే నోరు దాస్తుంది, ఊపిరి దాచదు. ఆఖరిది, ఆమె బాగా మురిసిపోయినది, ముసుగు తియ్యకూడదు. పక్కింటావిడ అని అడిగితే జవాబు కూడా పక్కింటావిడకే చెప్పాలి. మీ పక్కింటావిడని ఫలానా డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళమనండమ్మా అంటే, అడిగినామెకి తన గురించే అని అర్థమవుతుంది, పరువూ దక్కుతుంది.

ల్యాబు పెద్ద సోమయాజులు గారు దానికి పక్కింటి సూత్రం అని పేరు పెట్టాడు. సంతకం చేసేముందు ఒక్క అనుమానం అడిగాడు, నిజంగానే పక్కింటివాళ్ళ కోసం వచ్చేవాళ్ళుంటే ఎలాగని. సుభాషిణి నవ్వేసింది. పక్కింటివాళ్ళ మొలల గురించి మార్కెట్ దాకా నడిచొచ్చి అడిగే పుణ్యాత్ములు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అంది. ఆయనా నవ్వి సంతకం పెట్టాడు.

ఆ తరవాత ఎవరూ పారిపోలేదు. ఆరు నెలల్లో పన్నెండు ఊళ్ళలో చాటుగదులు వెలిశాయి. తెర ముందు క్యూలు కట్టారు. యంత్రం ఇచ్చిన పేరు లేని చీటీ పట్టుకుని సమయానికి ఆసుపత్రికి చేరినవాళ్ళు వందల్లో ఉన్నారు. సుభాషిణి ఫోటో పేపర్లో పడింది. అత్తగారు మాణిక్యమ్మ దాన్ని కత్తిరించి బియ్యం డబ్బా ఉన్న అలమర తలుపుకి అంటించింది.

ఇంట్లో వాళ్ళు ముగ్గురే. పిల్లలు లేరు. భర్త దొరబాబు మున్సిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. యాభై రెండేళ్ళొచ్చినా మెడలో ఈల వేసుకుని పిల్లలతో సమానంగా పరిగెత్తే మనిషి. జలుబు చేస్తే కూడా ఒప్పుకునేవాడు కాదు, దుమ్ము పడింది అనేవాడు. ఈ మధ్య ఆయన కొంచెం చిక్కాడు. గ్రౌండులో పని ఎక్కువయింది కదా అన్నాడు. ప్యాంటుకి బెల్టు రెండు చిల్లులు లోపలికి జరిగింది. డైటింగు చేస్తున్నా అన్నాడు. పొద్దున్నే బాత్రూములో కుళాయి తిప్పుకుని అరగంట కూర్చుంటున్నాడు. ట్యాంకు ఖాళీ అయిపోతోందని సుభాషిణి విసుక్కుంది. మాణిక్యమ్మ రోజూ కొడుక్కి లేవగానే చక్కెరకేళీ అరటిపండు, మధ్యాహ్నానికి చెంబుడు మజ్జిగ కట్టిస్తోంది. ముసలితనంలో కొడుకు మీద కొత్తగా గారాం మొదలయిందే అని సుభాషిణి ఆటపట్టిస్తే, ఆవిడ నవ్వలేదు. తాగితే మంచిదంట అని మాత్రం అంది. ఎవరన్నారని సుభాషిణి అడగలేదు. ఊళ్ళో అందరి ఊపిరీ వాసన చూసే యంత్రాన్ని కట్టిన మనిషి, తన మంచం మీద పక్కనే పడుకునే మనిషిని తేరిపార చూడలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఫాతిమా ఒక కాగితం పట్టుకొచ్చింది. ల్యాబులో లెక్కలన్నీ చూసేది ఆమే. మెత్తగా మాట్లాడుతుంది కానీ, పట్టుకుంటే ఉడుం పట్టు. ఆర్నెల్ల నివేదిక తయారుచేస్తూ, నోటి మాటకీ ముక్కు పసిగట్టినదానికీ పొంతన లేని ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చింది. అలాంటివి కొన్ని వందలున్నాయి. చాలావరకు భయంతో లేనిది ఊహించుకున్నవే. కానీ అందులో పదకొండు ఆమెకి నచ్చలేదు.

"ఊహించుకునేవాళ్ళు ఇంత వివరంగా చెప్పరు మేడం," అంది ఫాతిమా. "ఎదురుగా చూసినవాళ్ళు చెప్పినట్టుంది. ఈ పదకొండుమంది నిజంగానే వేరేవాళ్ళ కోసం వచ్చారేమో."

సుభాషిణికి అప్పుడు వెలిగింది. వేరేవాళ్ళ కోసం వచ్చి ఉంటే, ముక్కు వాసన చూసింది వచ్చినవాళ్ళని. రోగి ఇంట్లో ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరి చూసి యంత్రం ఏం లేదని చెప్పింది. ముసుగు తియ్యకుండా, మీ పక్కింటాయనకి ఏం లేదని చెప్పింది. ఆ జవాబు పట్టుకుని వాళ్ళు ఇంటికెళ్ళి రోగికి ధైర్యం చెప్పి ఉంటారు. సుభాషిణి కాగితం తీసుకుని కుర్చీలో కూర్చుంది.

మొదటిది ఎవరో బిడ్డకి రాత్రుళ్ళు చెమటలు. రెండోది దగ్గులో రక్తపు జీర. ఏడోదాని దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అడిగినది మార్కెట్ దగ్గరి గదిలో, ఐదు నెలల కిందట. అడిగినామెకి డెబ్బై దాటాయని, మోకాళ్ళ వాపు, మలబద్ధకం తప్ప ఏమీ లేవని ముక్కు రాసుకుంది. కింద ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి.

"మా పక్కింట్లో ఒకాయనున్నాడమ్మా. రాయిలాంటి మనిషి. రోజూ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టేవోడు, ఇప్పుడు మూడింటికే గోడ పట్టుకుంటన్నాడు. దొడ్డికెళ్తే రత్తం పడతంది. బీట్‌రూట్ తిన్నానంటాడు, ఆ ఇంట్లో బీట్‌రూట్ తెచ్చి రెండు నెల్లయ్యింది. కుళాయి తిప్పేసి కడిగేసుకుంటాడు. పెళ్ళానికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఏం భయం లేదంటావా?"

దాని కింద మరియమ్మ గారి గొంతుతో యంత్రం చెప్పిన జవాబు.

"మీ పక్కింటాయనకి ప్రమాదమేమీ లేదమ్మా. మలబద్ధకం వల్ల మొలలు, ఆ రక్తం దానిదే. మోకాళ్ళ నొప్పులుంటే రౌండ్లు తగ్గించి నెమ్మదిగా నడవమనండి. పొద్దున్నే అరటిపండు, మధ్యాహ్నం మజ్జిగ తీసుకోమనండి. నిశ్చింతగా ఇంటికెళ్ళండి."

ఫాతిమా ఏమైంది మేడం అని రెండుసార్లు అడిగింది. సుభాషిణి ఆ జవాబు మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆ కాగితంలో ఉన్న మోకాళ్ళు తన అత్తగారివి. ఆ అరటిపండు రోజూ పొద్దున్న తన వంటింట్లోంచే వెళ్తోంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి దొరబాబు వరండాలో కూర్చుని ఈలకి కొత్త తాడు కడుతున్నాడు. ఎప్పటిలాగే ఉన్నాడు. కాదు, ఎప్పటిలా లేడు. చెంపలు లోపలికి పోయాయి, గోళ్ళు పాలిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ గోళ్ళు తన కళ్ళ ముందే ఉన్నాయి. అడుగుదామని ఎదురుగా కూర్చుంది. కూర బాగుందా అని అడిగింది. అన్నం పెట్టకముందే కూర సంగతేంటని ఆయన నవ్వాడు. రెండోసారి నోరు తెరిచి, స్కూల్లో ఆటల పోటీలు ఎప్పుడని అడిగింది. పడుకునేముందు దీపం ఆర్పుతూ ఇంకోసారి ప్రయత్నించింది. వేలమంది సిగ్గుని పోగొట్టిన సుభాషిణికి, కట్టుకున్న మొగుణ్ని దొడ్డికి సరిగా అవుతోందా అని అడగడానికి నోరు రాలేదు. సిగ్గు ఒక్కటే అయితే ఎలాగో అడిగేసేది. అవునంటాడేమోనని భయం. అడగనంతసేపూ అది పక్కింటాయన జబ్బే.

శనివారమూ అలాగే గడిచింది. ఆ రోజు ల్యాబు నుంచి వస్తూ చిన్న ముక్కుని క్యారేజీ సంచిలో పెట్టుకుని తెచ్చింది. అది అరచేతిలో పట్టేంత పెట్టె, పరీక్షల కోసం చేసుకున్నది. నోటికి జానెడు దూరంలో పట్టుకుంటే చాలు.

ఆదివారం మధ్యాహ్నం దొరబాబు భోంచేసి చాప మీద పడుకున్నాడు. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. సుభాషిణి ముందు ఫ్యాను కట్టేసింది, గాలికి ఊపిరి చెదిరిపోతుందని. తరవాత ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెని నోటి దగ్గరికి తెచ్చింది. ఆమెకి దొంగతనం చేస్తున్నట్టే ఉంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన జేబు కూడా వెతికిన మనిషి కాదు. పెట్టె మీద పచ్చలైటు వెలిగింది, అంటే వాసన చూస్తోందన్నమాట. తొంభై సెకన్లు పడుతుంది. ఆ తొంభై సెకన్లూ ఆమె తనకి తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది. మొలలే అయ్యుండాలి. పుండయినా ఫరవాలేదు. పేగుల్లో పురుగులయినా ఫరవాలేదు.

అంకె వచ్చింది. ఆ అంకె అర్థం ఈ భూమ్మీద అందరికంటే ముందు ఆమెకే తెలుసు, ఆ కొలత పెట్టింది ఆమే. పెద్దపేగులో కణితి. చిన్నదయితే ఇరవై లోపు ఉంటుంది. అక్కడ అరవై ఒకటి ఉంది. యంత్రం తప్పు చెప్పిందేమోనని ఇంకోసారి పెట్టింది. అరవై రెండు చూపించింది.

తలెత్తేసరికి గుమ్మంలో మాణిక్యమ్మ నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ చెంబు. కోడలి చేతిలో పెట్టెనీ, నిద్రపోతున్న కొడుకునీ చూసింది. ఏమిటని అడగలేదు. చెంబు గుమ్మం పక్కన పెట్టి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఆ సాయంత్రమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వంకాయలు తరిగారు.

సోమవారం తెల్లారగానే దొరబాబు బూట్లు వేసుకుంటుంటే సుభాషిణి తనూ వస్తానంది. నీకు వ్యాయామం మీద ఇంత ప్రేమ ఎప్పట్నించని ఆయన వేళాకోళం చేశాడు. స్కూలు గ్రౌండులో మంచు ఇంకా విడలేదు. మొదటి రౌండు ఆమె వెనకే నడిచింది. రెండో రౌండుకి ఆయన పరుగు ఆపి నడక మొదలుపెట్టాడు. మూడో రౌండు సగంలో సైకిల్ షెడ్డు గోడ పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. ఊపిరి తీసుకుంటుంటే మెడ నరాలు లేస్తున్నాయి. బూటు లేసు ఊడిందని వంగాడు. లేసు ఊడలేదు.

"మీకు రక్తం పడుతోంది కదూ," అంది సుభాషిణి.

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి, అమ్మ చెప్పిందా అన్నాడు. అత్తయ్య ఒట్టు తప్పలేదని, చాటుగది కాగితంలో చదివానని ఆమె చెప్పింది. అప్పుడు ఆయన మొహం తేటపడింది. ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే.

"చదివితే మరి ఇంకేం? నీ చాటుగది పెట్టే చెప్పింది కదా ఏం లేదని," అన్నాడు. "మొలలే. కొంచెం టైము పడతదంతే."

మరి మీరే వెళ్ళొచ్చుగా, అత్తయ్యని ఎందుకు పంపారని అడిగింది. ఆయన గోడకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. ఈల తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పాడు. ఆ పెట్టె ముందు నిలబడితే వాసన పట్టేస్తుందని ఆయనకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఇంట్లో వింటున్నదేగా. పట్టేస్తే చెప్పేస్తుంది. చెప్పేస్తే ఇక తెలిసిపోయినట్టే. అందుకని తల్లిని పంపాడు. వేరేవాళ్ళ కోసం అడిగితే మాటలు విని జవాబు చెబుతుంది, తనని వాసన చూడదు కదా అనుకున్నాడు. మంచి జవాబొస్తే చాలనుకున్నాడు. వచ్చింది. ఆ రోజు తల్లీకొడుకులిద్దరూ కోటయ్య కాజాలు తెచ్చుకుని తిన్నారట, ఆమెకి కూడా రెండు పెట్టారట. ఎందుకని ఆమె అడగలేదు.

సుభాషిణి ఆయన ఎదురుగా తడి మట్టిలో కూర్చుని పక్కింటి సూత్రం గురించి చెప్పింది. యంత్రం ఎవర్ని వాసన చూసిందో, ఆ మోకాళ్ళు ఎవరివో చెప్పింది. నిన్న మధ్యాహ్నం తను ఏం చేసిందో, ఏ అంకె చూసిందో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. ఆ పెద్ద శరీరం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది.

"అయితే ఐదు నెలల్నించీ అదక్కడే ఉందా సుభా," అన్నాడు. "నేను మజ్జిగ తాగుతుంటే అది పెరుగుతానే ఉందా?"

ఆమె ఆయన తల పొట్టకి ఆనించుకుంది. ప్రార్థన గంట కొట్టకముందే లేచి ఇంటికొచ్చారు.

ఆ రోజే ల్యాబులో పన్నెండు గదులకీ తాళాలు వెయ్యమని సుభాషిణి పట్టుబట్టింది. సోమయాజులు గారు ఒప్పుకోలేదు. తాళం వేస్తే రేపు ఉదయం ఒక్క కాకినాడలోనే అరవైమంది వెనక్కి వెళ్ళిపోతారని, వాళ్ళలో ఒకరిద్దరికి ఆ రోజే ఆఖరి అవకాశమని అన్నాడు. మీకా, వేరేవాళ్ళకా అన్న పాత ప్రశ్న మళ్ళీ పెడితే పదిమందిలో నలుగురు పారిపోతారు. పెట్టకపోతే ఎక్కడో ఎవరో మజ్జిగ తాగుతూ కూర్చుంటారు. రెండు వైపులా మనుషులే. చివరికి పాత ప్రశ్నే తిరిగి పెట్టారు. మరియమ్మ గారిని మళ్ళీ పిలిపించి, ఆ ఒక్క వాక్యం ఎన్నిరకాలుగా మెత్తగా అడగొచ్చో అన్నిరకాలుగా అడిగించారు. ప్రతి గది తెర మీదా సుభాషిణి తన చేత్తోనే రాసిన బోర్డు తగిలించారు. ఇంతకుముందు వేరేవాళ్ళ కోసం అడిగి వెళ్ళినవాళ్ళు దయచేసి ఆ మనిషినే తీసుకుని మళ్ళీ రండి, మేం చెప్పింది తప్పయి ఉండొచ్చు అని. మిగిలిన పదిమంది ఎవరో కనుక్కునే దారి లేదు. పేర్లు రాసుకోబోమని జనానికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఫాతిమా ఆ పది కాగితాలూ బల్ల మీద వరసగా పెట్టుకుని, ఏ ఊరు, ఏ రోజు, ఏ వయసు అని వెతుకుతూనే ఉంది. దగ్గులో రక్తపు జీర పడ్డ మనిషి కోసం వచ్చింది ఒక మార్కెట్ రోజున, తుని గదికి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

గురువారం నాటికి ఆసుపత్రిలో స్కానింగులు అయ్యాయి. డాక్టరు వయసులో చిన్నది, మాటల్లో మాత్రం చాటుమాటు లేదు. పెద్దపేగులో కణితి బయటి పొరల దాకా వచ్చిందని, పొట్ట తెరిస్తే గాని లివరు సంగతి చెప్పలేనని అంది. ఎన్నాళ్ళ నుంచని అడిగింది. దొరబాబు ఐదు నెలలన్నాడు. అప్పుడే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది కదండీ, ఇంత చదువుకున్న ఇంట్లో ఎందుకు ఊరుకున్నారు అంది. ఆమె సుభాషిణి ఫోటో పేపర్లో చూసిన మనిషేనని మొహం చూస్తే తెలుస్తోంది.

ఆపరేషన్ శుక్రవారం పొద్దున్న మొదలయింది. థియేటరు బయట ఇనప బెంచీ మీద అత్తాకోడళ్ళిద్దరే కూర్చున్నారు. మాణిక్యమ్మ చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. ఈ నాలుగు రోజుల్లో ఆవిడకి ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పలేదు. మొలలకే పెద్ద ఆపరేషన్ అనుకుంటోందో, అనుకోవాలని చూస్తోందో తెలియదు. ఉన్నట్టుండి, పెట్టె ఏం లేదంది కదే అమ్మాయ్ అంది. గంట తరవాత మళ్ళీ అదే అంది. మూడోసారి అనేటప్పటికి గొంతులో ఏడుపు తెలుస్తోంది.

చెప్పకుండా ఉండొచ్చు. రోగం ముదిరాక బయటపడిందంటే ఆవిడ నమ్ముతుంది. చెబితే, కొడుక్కి ఐదు నెలలు తప్పుడు ధైర్యం మోసుకొచ్చింది తన నోరేనని ఈ డెబ్బై దాటిన మనిషికి తెలిసిపోతుంది. మిగిలిన బతుకంతా అదే నమిలి చస్తుంది. చెప్పకపోతే, ఈ ఇంట్లో ఇంకో తెర వేలాడుతుంది. సుభాషిణికి రెండూ భయంగానే ఉన్నాయి.

"అత్తయ్యా, పెట్టె చూసింది ఆయన్ని కాదు, మిమ్మల్ని," అంది. "మీ ఒంట్లో ఏం లేదని చెప్పింది. పక్కింటాయన అని ఎవరన్నా అది వాళ్ళ గురించే అనుకుంటుంది."

మాణిక్యమ్మ కదలకుండా వింది. కొంత అర్థమయింది, కొంత కాలేదు. అలా ఎందుకు అనుకుంటుంది, ఎవరు నేర్పారు దానికి అని అడిగింది.

"నేనే నేర్పాను. మీ తప్పేం లేదు. తప్పంతా నాది."

థియేటరు తలుపు తెరుచుకుంటే ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. ఎవరో వార్డుబాయి ఖాళీ ట్రేలు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కూర్చున్నారు. మాణిక్యమ్మ ఎదురుగోడ వైపు చూస్తూ ఉంది. కోడల్ని తిట్టిపోస్తుందని, లేదా గుండె బాదుకుంటుందని సుభాషిణి కాసుకుని కూర్చుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"నువ్వు పక్కగదిలోనే ఉన్నావు," అంది చివరికి. "పది అడుగులు. నిన్నడిగితే అయిపోయేది. ఆటో ఎక్కి మార్కెట్టు దాకా ఎల్లాను. ఇంట్లోవోళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగే పని లేకుండా ఉండటానికే నువ్వా పెట్టె చేశావనుకున్నానమ్మా."

సుభాషిణి తలుపు మీది ఎర్రలైటు వైపే చూస్తూ ఉండిపోయింది. లోపలికి తీసుకెళ్ళి నాలుగు గంటలయింది. రెండు గంటలన్నారు.

మాణిక్యమ్మ కొంగు వదిలేసి కోడలి వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గించలేదు. కారిడార్లో నడుస్తున్నవాళ్ళు కూడా విన్నారు.

"నా కొడుకు బతుకుతాడా?"

"తెలీదు అత్తయ్యా," అంది సుభాషిణి. "నాకూ చాలా భయంగా ఉంది."

ఆవిడ కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.